సూరారెడ్డి పథ్యం

ముప్ఫయ్యేళ్ళుగా కోళ్ళఫారం నడుపుతూ గుడ్ల మీదే బతికిన సూరారెడ్డి, ఎనిమిది నెలలుగా గుడ్డు నోట పెట్టలేదన్న సంగతి అందరికంటే ఆఖర్న తెలిసింది అతని చెల్లెలికే. అతనికి మందు ఇచ్చిన మనిషి కూడా ఆ చెల్లెలే. దీపం కింద చీకటి అని ఊరికే అనలేదు పెద్దలు.

సత్యవేణి రాజమండ్రి శివార్లలో ఒక పరిశోధనశాలలో పనిచేస్తుంది. ఆ రోజు పొద్దున ఆవిడ దారాలు పిండుతోంది. వినడానికి వింతగా ఉంటుంది గానీ, ఆ ప్రయోగంలో పద్ధతే అది. మందు వేయించుకున్న ముప్ఫై ఒక్కరూ నెలకోసారి వచ్చి, లోపల దారం చుట్టిన మాత్ర మింగుతారు. దారం ఒక కొస చెంపకి అంటించి ఉంటుంది. రెండో కొస పేగుల దాకా వెళుతుంది. నాలుగు గంటలయ్యాక లాగితే అది పసుపూ ఆకుపచ్చా కలిసిన రంగులో తడిసి వస్తుంది. కాలేయం తయారుచేసే పైత్యరసం అదే. "మా చేత గాలిపటం మింగించి దారం మీరు పట్టుకుంటారేంటండీ" అని జనం హాస్యాలాడేవారు.

పదిహేడో నంబరు దారం పిండి యంత్రంలో పెట్టింది. యంత్రం గీసిన గీతలో ఉండాల్సిన కొండలన్నీ ఉన్నాయి. వాటి పక్కన, ఉండకూడని చోట, ఒక గుట్ట ఉంది. పాత కాగితాలు తీసి చూసింది. పోయిన నెల కూడా ఉంది, కాస్త చిన్నది. అంతకు ముందు నెల ఇంకా చిన్నది.

"ఇదేంటి రత్నాకరం గారూ?"

ఆమెతో కలిసి పనిచేసే రత్నాకరం కళ్ళజోడు సర్దుకుని చూశాడు. "గాజు సరిగ్గా కడగలేదేమో అనుకుని వదిలేశాను మేడం. మీరు సభలకని ఢిల్లీ తిరగడం మొదలెట్టినప్పట్నుంచీ ఉంది."

మురికి నెలనెలా పద్ధతిగా పెరగదు. ఆ గుట్ట ఎక్కడిదో సత్యవేణికి తెలుసు. మెదడులోనుంచి వచ్చిన కొలెస్ట్రాల్‌కి మాత్రమే ఉండే గుర్తు అది. పదిహేడో నంబరు సూరారెడ్డి.

అప్పుడే ఫోను మోగింది. వదిన అచ్చాయమ్మ.

"వేణీ, నువ్వొకసారి రావాలమ్మా. మీ అన్నయ్య ఇవాళ ఫారానికెళ్ళి కోళ్ళని చూసి, ఇవి ఎవరియిరా అని అడిగారంట."

*

అనపర్తి వైపు కారులో వెళుతున్నంతసేపూ ఆవిడ తన మందునే తలుచుకుంది.

వాళ్ళ నాన్న నలభై రెండో ఏట పొలంగట్టు మీద గుండె పట్టుకుని కూలిపోయాడు. ఆ ఇంటి రక్తంలోనే కొవ్వు. అప్పటికి సత్యవేణికి ఎనిమిదేళ్ళు, సూరారెడ్డికి ఇరవై. పెంచిందీ అన్నే, చదివించిందీ అన్నే. ఆ అన్న రక్తం కూడా పరీక్షగొట్టంలో పేరిన నెయ్యిలా తేలినప్పుడు, ఆవిడ తన చదువంతా తీసుకెళ్ళి ఒకే ఒక ప్రశ్న ముందు పోసింది. ఎలుకకి ఎంత గుడ్డుసొన పెట్టినా దాని రక్తం ఎందుకు పాడవదు?

జవాబు ఎలుక కాలేయంలో ఉంది. తిండిలో కొలెస్ట్రాల్ వచ్చిందని తెలియగానే అది పని పెంచుతుంది. వచ్చినదాన్ని వచ్చినట్టు పైత్యరసంగా మార్చి పేగుల్లోకి తోసేస్తుంది. మనిషి కాలేయం అలా కాదు, గవర్నమెంటు ఆఫీసు గుమాస్తా టైపు. దస్త్రాలు ఎన్ని వచ్చిపడ్డా దాని నడక దానిదే. పేగుల్లోనుంచి కాస్త పైత్యరసం తిరిగొచ్చిందంటే చాలు, ఇవాళ్టికి సరిపోయిందని చేతులు దులిపేసుకుంటుంది. సత్యవేణి ఎలుకలోని ఆ చురుకుని ఒక్క సూదితో మనిషి కాలేయంలోకి ఎక్కించింది. దానికి ప్రయోగశాలలో ముద్దుపేరు మూషికం. మూషికం ఎక్కినవాడు రోజూ గుడ్లు తినాలి. తిన్నకొద్దీ కాలేయానికి పని దొరుకుతుంది, రక్తం తేటపడుతుంది. మనిషి కాలేయ కణాలు ఎక్కించి పెంచిన ఎలుకలన్నిటిలోనూ పనిచేసింది. ఆ ఎలుకల దాణాలో గుడ్డుసొన పొడి ఏ రోజూ తప్పలేదు. తప్పితే ఏమవుతుందో ఎవరూ చూడలేదు.

*

సూరారెడ్డి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. చెల్లెల్ని చూడగానే లేచి నిలబడ్డాడు.

"రండమ్మా, రండి. గుడ్ల కోసమాండీ? మావాళ్ళెవరో ఉండాలి, పిలుస్తాను."

చిన్నప్పట్నుంచీ ఒసేయ్, ఏమే తప్ప మరో పిలుపు ఎరగని నోటినుంచి ఆ "అండీ" వచ్చేసరికి సత్యవేణి అరుగు ముందే ఆగిపోయింది. అచ్చాయమ్మ వెనకనుంచి కళ్ళతోనే చెప్పింది, ఏమీ అనొద్దని.

"రెండు వారాలైందమ్మా ఇలాగ," అంది లోపలికి తీసుకెళ్ళి. "ముందు పేర్లు మర్చిపోయేవారు. వయసు కదా అనుకున్నాను. నువ్వు సభల్లో ఉన్నావు, కంగారు పెట్టడమెందుకని ఊరుకున్నాను."

భోజనాలకి కూర్చున్నారు. అచ్చాయమ్మ ఆడపడుచుకి కోడిగుడ్ల పులుసు వడ్డించింది. సూరారెడ్డి కంచంలో సొరకాయ కూర, చారు, వెన్న తీసిన మజ్జిగ.

"మీకు పులుసు వద్దా?" అని అడిగింది సత్యవేణి. సొంత అన్నని మీరు అనడం ఎలా ఉంటుందో ఆవిడకి ఆ రోజే తెలిసింది.

"నాకెలా కుదురుద్దండీ? పథ్యం కదా." సూరారెడ్డి గర్వంగా నవ్వాడు. చొక్కా జేబులోంచి ప్లాస్టిక్ కవరులో భద్రంగా పెట్టుకున్న కార్డు తీశాడు. "మా చెల్లెలు పెద్ద డాక్టరండీ. పెరటి చెట్టు మందుకి పనికిరాదంటారు గానీ, నాకు మా పెరటి చెట్టే మందు. ఇదిగో, దాని చేత్తోటే రాసింది, చూడండి. ఎనిమిది నెలల్నుంచీ ఒక్కపూట తప్పలేదు నేను. ఊళ్ళో నాతోపాటు సూది వేయించుకున్నోళ్ళు పెళ్ళిళ్ళలో లాగించేత్తన్నారు. నేనలాక్కాదు. దాని మందు పనిచెయ్యలేదని రేపెవరూ అనకూడదు కదా."

కార్డు మీద సత్యవేణి దస్తూరీలో ఇలా ఉంది:

పథ్యం: కోడిగుడ్డు పచ్చసొన, కార్జం, రొయ్యలు, పీతలు. ఒక్కరోజు కూడా తప్పరాదు. వేరే మందులు కలపరాదు.

ఆవిడ చదివింది. ముందు తను రాసినట్టుగా చదివింది. తరవాత అన్న చదివినట్టుగా చదివింది.

అసలు కాగితం ఇంగ్లీషులో ఉంది. మన పల్లెలవాళ్ళకి మన భాషలో ఉండాలని పట్టుబట్టి కూర్చుని రాసింది తనే. 'డైట్' అన్న మాటకి నిఘంటువు తెరిచింది. పథ్యం, అంటే హితమైన ఆహారం, అని ఉంది. నిండైన తెలుగు మాట దొరికిందని మురిసిపోయింది కూడాను. నిఘంటువులో పథ్యం అంటే తినాల్సింది. తను పుట్టి పెరిగిన ఈ ఇంట్లో, ఈ ఊళ్ళో, ఈ గోదావరి పక్క ఏ ఇంట్లోనైనా పథ్యం అంటే మానేయాల్సింది. జ్వరం తగిలినప్పుడల్లా వాళ్ళ నాయనమ్మ ఆ మాట అనే ఆవకాయ జాడీ అటక ఎక్కించేది. అన్ని పుస్తకాలు చదివిన మనిషి ఆ ఒక్క జాడీని మర్చిపోయింది.

నెలనెలా ఒక ప్రశ్న కూడా అడిగేవారు. పథ్యం పాటిస్తున్నారా? అందరూ ఒకటే జవాబు. పాటిస్తున్నామండీ.

"నా రాత మంచి రాతే కదండీ?" అన్నాడు సూరారెడ్డి కార్డు వెనక్కి తీసుకుంటూ. అని, ఒక్కక్షణం తడబడి, "అదే... దాని రాత," అని సర్దుకున్నాడు.

*

ఆ వారంలో మిగిలిన ముప్ఫై ఇళ్ళకీ తిరిగింది సత్యవేణి. ప్రయోగం ఆపేశారు. తప్పు ఎలా జరిగిందో తన చేత్తో తనే రాసి పైవాళ్ళకి పంపింది, ఒక్క ముక్క దాచలేదు.

తేలిందేమిటంటే, పథ్యం పాటిస్తున్నామని చెప్పినవాళ్ళలో ఇరవై ఆరుగురు శుభ్రంగా అబద్ధమాడారు. పెళ్ళిళ్ళలో తిన్నారు, తీర్థాల్లో తిన్నారు, పెళ్ళాం చూడకుండా సెంటర్లో ఆమ్లెట్లు తిన్నారు. వాళ్ళు రాయిలా ఉన్నారు. మాట మీద నిలబడినవాళ్ళు సూరారెడ్డితో కలిపి ఐదుగురు. వాళ్ళలో ఒకావిడ ముప్ఫయ్యేళ్ళుగా వాకిట్లో వేసిన ముగ్గుకి చుక్కలెన్నో మర్చిపోయింది. సత్యవేణి వెళ్ళేసరికి పిండి పట్టుకుని గడప ముందు నిలబడి ఉంది, ఎండ నెత్తిమీదికొచ్చినా.

రత్నాకరం ఆ మందు వేసిన ఎలుకల దాణాలో సొన పొడి ఆపి చూశాడు. పదో రోజుకి అవి తమ గూటికి దారి మర్చిపోయాయి.

"మెదడు రోజూ కాస్త పాత కొలెస్ట్రాల్‌ని బయటికి పంపుతుంది, అది అందరికీ ఉన్నదే," అన్నాడు రత్నాకరం. "ఇల్లు ఊడ్చి చెత్త పారబోసినట్టు. అది కాలేయానికి చేరి పైత్యరసం అయిపోతుంది. తిండిలో దండిగా వస్తున్నంతకాలం మన మూషికం దాన్ని లెక్కచెయ్యదు. తిండిలో రాకపోతే..."

"దాని వెంట పడుతుంది," అంది సత్యవేణి. "లాగుతుంది. చెత్త అయిపోయాక ఇంట్లో సామాను లాగుతుంది."

మిగిలిన నలుగురికీ గుడ్లు పెట్టారు. వారం తిరిగేసరికి వాళ్ళ గీతల్లో గుట్ట పోయింది. పోయిన జ్ఞాపకాలు రాలేదు, ఉన్నవి నిలిచాయి. సూది విరుగుడు కోసం రత్నాకరం పని మొదలుపెట్టాడు. దానికి ఏడాది పడుతుంది. అంతవరకూ గుడ్డుసొనే మందు.

సూరారెడ్డి తినలేదు.

సొన మజ్జిగలో కలిపితే వాసన పట్టేశాడు. ముప్ఫయ్యేళ్ళు గుడ్లతో బతికిన ముక్కు అది. మాత్రలుగా చేసి ఇస్తే, వేరే మందులు కలపకూడదని కార్డు చూపించాడు. ఆసుపత్రిలో ముక్కులోంచి గొట్టం వేస్తే, కట్టిన చేతులు విడిపించుకుని పీకి పారేశాడు. కార్డు మాయం చేస్తే, కార్డు లేకపోయినా మాట ఉందన్నాడు. మాటలన్నీ పోతున్నా ఆ ఒక్క మాట మాత్రం కొయ్యకి కట్టినట్టు ఉండిపోయింది.

"ఆ కార్డులో తప్పుందండీ," అని బతిమాలింది సత్యవేణి. "మీ చెల్లెలే తప్పు రాసింది. తినమని రాయబోయి అలా రాసింది."

సూరారెడ్డి మొహం ఎర్రబడింది. "ఎవరమ్మా నువ్వు? నా ఇంట్లో కూర్చుని నా చెల్లెల్ని అంటావా? అది తప్పు రాసే మనిషి కాదు. లే ముందు!"

"నేనే అన్నయ్యా. నేనే సత్యవేణిని."

అతను ఆవిడ మొహంలోకి చాలాసేపు చూశాడు. తరవాత జాలిగా, మెల్లగా అన్నాడు. "ఆడమనిషివి, అబద్ధాలెందుకు తల్లీ నీకు?"

*

అతని దారాలు ప్రయోగశాలలో గడ్డకట్టించే పెట్టెలో ఉన్నాయి. చిన్న చిన్న గాజు సీసాల్లో, అడుగున ఆకుపచ్చ చుక్కతో, ఒక్కో నెలకి ఒక్కోటి. ఇప్పుడు ఇంటికే వెళ్ళి తీస్తోంది కాబట్టి వారానికొకటి. దారం మాత్రం అతను అలవాటుగా మింగేవాడు, చెల్లెలి ప్రయోగం కదా.

సత్యవేణి పొద్దున్నే వచ్చి ఆ పెట్టె తెరిచేది. తెరిచి ఏం చేస్తుందో రత్నాకరం అడగలేదు. ఆవిడ చేసేది లెక్క సరిచూడడం. వదిన చెప్పిన రోజులు ఒక పక్కన, గుట్ట ఎత్తు ఒక పక్కన. ఫలానా వారం కూతురి పెళ్ళి మర్చిపోయాడు. ఆ వారం సీసా ఇది. ఫలానా వారం వాళ్ళమ్మ చనిపోయిందన్న సంగతి మర్చిపోయి, అమ్మ ఏదీ అని వీధిలో నిలబడి అడిగాడు. ఆ సీసా ఇది. తను డాక్టరు పట్టా పుచ్చుకున్న రోజున అన్న కొత్త పంచె కట్టుకుని ముందు వరసలో కూర్చున్నాడు. అది ఏ సీసాలో ఉంది?

పిచ్చి ప్రశ్న అని తెలుసు. జ్ఞాపకం కరిగి పైత్యరసంలోకి రాదు. వచ్చేది జ్ఞాపకాల్ని మోసిన నరాల తీగల మీది పూత, అంతే. రసాయనానికి కథలుండవు. అవన్నీ క్లాసులో పిల్లలకి చెప్పడానికి బాగుంటాయి. ఒక పొద్దున ఆవిడ సీసా మూత తీసి, కరిగిన చుక్కని వేలితో నాలుక మీద పెట్టుకుంది.

చేదు. ఎన్నిసార్లు పుక్కిలించినా పోలేదు. ఆ రోజంతా ఎవరితో మాట్లాడినా ఆ చేదు మాటల వెనకే నిలబడింది. ఎవరో తెలిసిన మనిషి ఊపిరి మెడ మీద తగులుతున్నట్టు ఉంది. ఆవిడకి భయం వేసింది. అన్న బతికుండగానే అన్న దయ్యాన్ని పెట్టెలో పెట్టుకుని కూర్చున్నానని అనిపించింది. ఏడ్చింది.

*

జూన్ నెల వచ్చేసరికి సూరారెడ్డి వెనక్కి నడుచుకుంటూ చాలా దూరం వెళ్ళిపోయాడు. ముందు ఫారం పోయింది. తరవాత పిల్లలు పోయారు. ఆపైన పెళ్ళి పోయింది. అచ్చాయమ్మ అతనికి మేనమామ కూతురే. ఇప్పుడు ఆవిడని చూసి, ఆవిడ తల్లి అనుకుని "అత్తా" అని పిలుస్తున్నాడు. మొదటిసారి అలా పిలిచిన రోజున అచ్చాయమ్మ వంటింట్లోకి వెళ్ళి తలుపేసుకుంది. మర్నాటినుంచి "ఏం బాబూ" అని పలకడం నేర్చుకుంది. ఆ ఇంట్లో అసలు శాస్త్రవేత్త ఆవిడే.

ఒక మధ్యాహ్నం సత్యవేణి గడప మీద కూర్చుని ఆ వారం సంగతులు రాసుకుంటోంది. ఏదో తోచక పెన్సిలు పళ్ళ మధ్య పెట్టుకుంది.

"ఒసేయ్ వేణీ! పెన్సిలు కొరకొద్దని ఎన్నిసార్లు చెప్పాలే నీకు?"

ఆవిడ తలెత్తలేకపోయింది. తలెత్తితే పోతుందేమోనని.

"ఏంటే, చెవుడా?" సూరారెడ్డి వచ్చి పక్కనే కూలబడ్డాడు. "అన్నం తిన్నావా?"

"లేదన్నయ్యా."

"అత్తా! మా చెల్లి అన్నం తినలేదంట. నాకూ ఆకలేస్తంది. గుడ్లు ఉడకేసేరా?"

వంటింట్లో గిన్నె చప్పుడు ఆగిపోయింది. సత్యవేణికి ఒక్కక్షణం ఏమీ అర్థం కాలేదు, తరవాత అంతా అర్థమైంది. అతనికి ఇప్పుడు ఇరవై ఏళ్ళు. ఇరవై ఏళ్ళప్పుడు సూది లేదు, డాక్టరు చెల్లెలు లేదు, కార్డు లేదు. ఎన్ని విధాల బతిమాలినా వదలని పథ్యం, మిగిలిన జీవితంతోపాటే కొట్టుకుపోయింది.

అచ్చాయమ్మ పరుగులాంటి నడకతో ఉడికిన గుడ్లు రెండు గిన్నెలో పెట్టి తెచ్చింది. సూరారెడ్డి ఒక గుడ్డు తీసుకుని, గడపకి కొట్టి, పెంకు ఒలిచాడు. పదకొండు నెలల తరవాత అతని చేతిలో గుడ్డు.

అతను గుడ్డుని బొటనవేళ్ళతో రెండు చెక్కలుగా విప్పాడు. లోపలి పచ్చసొన చెదరకుండా తీసి, చెల్లెలి అరచేతిలో పెట్టాడు.

"నువ్వు తిను. చదువుకునేదానివి. తెల్లది నాకు చాలు."

అతనికి కావలసినదంతా ఆవిడ చేతిలో ఉంది. తెల్లదాంట్లో ఒక్క చుక్క లేదు.

"నాకొద్దన్నయ్యా. నువ్వే తిను. నిజంగా వద్దు."

"అయితే నాకూ వద్దు." అతను తెల్లచెక్కలు గిన్నెలో పడేశాడు. మొహం చిన్నబుచ్చుకున్నాడు. "నాన్న లేడని ఇప్పుడే నువ్వు ఇలా మానేసుకుంటూ కూర్చుంటే, నేనెందుకే ఉన్నాను?"

సత్యవేణి సొన నోట్లో పెట్టుకుంది. మింగింది. అతను తృప్తిగా చూసి, తెల్లచెక్కలు తిన్నాడు. రెండో గుడ్డు తీసుకున్నాడు. మళ్ళీ విప్పాడు. మళ్ళీ ఆవిడ చేతిలోనే పెట్టాడు.

మూడు నెలలుగా ఆవిడ దేవుణ్ణి కోరింది ఒక్కటే, అన్న తనని గుర్తుపట్టాలని. గుర్తుపట్టాడు. ఆ గుర్తు ఉన్నంతసేపూ సొన అతని నోటికి చేరదు.

ఆవిడ రెండోది కూడా తిని లేచింది. "అన్నయ్యా, బడికి టైమైంది. వెళ్ళొస్తాను."

"జాగ్రత్తగా వెళ్ళు. రోడ్డు దాటేప్పుడు అటూ ఇటూ చూసుకో."

వీధిలోకి వచ్చి, కిటికీ పక్కన గోడకి ఆనుకుని నిలబడింది. లోపల అచ్చాయమ్మ ఇంకో రెండు గుడ్లు తెచ్చిన చప్పుడు వినిపించింది.

"చెల్లి తిందా అత్తా?"

"తినేసింది బాబూ. కడుపునిండా తిని బడికెళ్ళిపోయింది. ఇవి రెండూ నీకే. సొనతో సహా తినెయ్యి."

పెంకు పగిలింది. తింటున్న మనిషి నోటి చప్పుడు, మధ్యలో ఒకసారి మంచినీళ్ళు తాగిన చప్పుడు.

అచ్చాయమ్మ ఖాళీ గిన్నెతో బయటికొచ్చింది. గిన్నెలో పెంకులు తప్ప ఏమీ లేవు. ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతోంది. తరవాత నవ్వు ఆగిపోయింది. ఇద్దరికీ ఒకే సంగతి తట్టింది గానీ, ముందు అన్నది ఆవిడే.

"వేణీ, రేపట్నుంచి నువ్వు రాకమ్మా."

సత్యవేణి తలూపింది.

లోపలినుంచి సూరారెడ్డి గొంతు వినిపించింది. "అత్తా, ఒకటి దాచిపెట్టండి. సాయంత్రం బడినుంచి ఆకలితో వస్తాది అది."

"అలాగే బాబూ," అంది అచ్చాయమ్మ.

సత్యవేణి చెప్పులు వేసుకుంది.